వైపర్ కింద సైకిల్ పుల్ల

మొయినాబాద్ బస్టాండు దాటి చేవెళ్ల వైపు పోతుంటే ఎడమ చేతి పక్కన కొమురయ్య షెడ్డు ఉంటుంది. షెడ్డయితే ఉంది గానీ అందులో పనే లేదు. హైటెక్ సిటీ పుణ్యమా అని ఆ రోడ్డు మీద కార్లు పదింతలయ్యాయి, కొమురయ్యకు పని పదోవంతయింది. కొత్త కారు చెడిపోతే దాని యజమాని కంపెనీకి ఫోను చేస్తాడు. కొమురయ్య ముందు ఆగే కారు దారి అడగడానికే ఆగుతుంది. ఫలానా ఫామ్‌హౌస్ ఎటు అని అద్దం నాలుగు వేళ్లంత దించి అడుగుతారు, చెప్పగానే ఎత్తేసుకుని పోతారు.

అరవై రెండేళ్ల వయసులో అతని చేతిలో మిగిలింది ఒకే ఒక్క కబురు. ఎంకపల్లిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆయన తోటకు వాచ్‌మన్ కావాలట. ఖాకీ చొక్కా వాళ్లే కుట్టిస్తారు. గేటు తీయాలి, సలాము కొట్టాలి, కుక్కకు అన్నం పెట్టాలి. దసరా దాకా ఆలోచించుకుని చెప్తానన్నాడు కొమురయ్య. ఇందులో ఆలోచించడానికేముందో అతనికే తెలియదు. జీవితమంతా ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పినవాడు ఇప్పుడు గేటు చప్పుడు వింటూ కూర్చోవాలా అని మాత్రం మనసు గింజుకునేది.

అలాంటి రోజుల్లో, ఒక శనివారం పొద్దున, ట్రాక్టరు వెనక తాడుతో ఈడ్చుకొచ్చిన పాత ఫియట్ ఒకటి షెడ్డు ముందు ఆగింది. నీలం రంగు, అరవై మూడు మోడలు. దాన్ని చూడగానే కొమురయ్య లేచి నిలబడ్డాడు. అది ఎంకపల్లి జంగయ్య పటేలు కారు. పటేలు పోయి ఆరేళ్లయింది. ట్రాక్టరు దిగి వచ్చినవాడు ఆయన మనవడు అభిలాష్, ఇరవై ఆరేళ్లవాడు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

“తాతా, దీన్ని మొదట ఎట్లుండెనో అట్ల చెయ్యాలె,” అన్నాడు. “రంగు మొత్తం తియ్యాలె. దానికన్న ముందుగాల ఈ వైపర్ ఆర్మ్‌లు రెండు తియ్యాలె. గ్లాసుకు మాత్రం ఏం కావొద్దు. ఈ గ్లాసు మళ్ల దొరకది.”

“గంతేనా?” అన్నాడు కొమురయ్య.

“గంతే అనకు. మా దోస్తు ఒకడు సిటీల పెద్ద గ్యారేజీకి ఇస్తే స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్క ఎత్తు ఎత్తిండ్రు. గ్లాసు ఈ కొస నుంచి ఆ కొసకు పగిలింది. పాత బండ్లున్నోళ్లం పదిమందిమి ఉన్నం, ఇప్పుడందరికి అదే భయం. నువ్వు ఇవి మంచిగ తీసినవంటే ఆ పది బండ్లు నీ దగ్గరికే. ఇంటర్నెట్‌ల మాకొక గ్రూపున్నది, అండ్ల నీ పేరు రాస్త.”

ఇంటర్నెట్ సంగతి కొమురయ్యకు తెలియదు గానీ పది బండ్ల సంగతి తెలుసు. ఒక్కో పాత బండి ఆరునెలల పని. పది బండ్లంటే ఖాకీ చొక్కా తొడిగే అవసరం ఈ జన్మకు రాదు.

ఆ సంబరంలో మనవడికి తాత కథ ఎత్తుకున్నాడు. మొయినాబాద్‌లో ఆ కథ వినని చెవి లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

“మీ తాత సమితి ఎలచ్చన్ల నిలబడ్డప్పుడు, నామినేషన్ ఎయ్యనీకి ఇదే బండిల చేవెళ్లకు పోతుండె. మూడు గంటలకు టైము బందు. కుండపోత వాన. సరిగ్గ గీడికి రాంగనే డ్రైవర్ దిక్కు వైపర్ ఊడి రోడ్డు మీద పడ్డది. నట్టు నీళ్లల్ల కొట్టుకపోయింది. గప్పుడు నాకు షెడ్డు యాడిది, సైకిల్‌కు సంచి కట్టుకుని తిరుగుతుంటి. మోకాళ్ల మీద కూసోని బురదల దేవులాడిన. దొరికింది. ఈ వేళ్లతోనే బిగించిన. మీ తాత ఐదు నిమిషాలు ముందుగాలనే పోయి కాయితం ఇచ్చిండు. గెలిచిండు. గెలిచొచ్చి, కొమురా, ఈ జాగల నీ షెడ్డు ఏస్కో, నిన్ను లేపెటోడు లేడు అన్నడు.”

చెప్పినప్పుడల్లా కథలో వాన పెరుగుతూ, నట్టు వెతకడానికి పట్టిన సమయం తగ్గుతూ వచ్చింది. ఇరవై మూడేళ్లకు అది కొమురయ్యకే కళ్లకు కట్టినట్టు కనిపించేంత బాగా కుదిరింది.

వైపర్ ఆర్మ్ తీయడం చూసేవాడికి పిల్లలాట. అద్దం కింద, బోనెట్ అంచు నుంచి వేలంత ఇరుసు పైకి వస్తుంది. దాని తల చుట్టూ సన్నటి పళ్లుంటాయి. ఆర్మ్ ఆ పళ్లను పట్టుకుని కూర్చుంటుంది, పైన చిన్న నట్టు. నట్టు విప్పి పైకి లాగితే వచ్చేయాలి. నలభై ఏళ్ల తుప్పు పట్టాక రాదు. రాకపోతే కింద ఏదో ఒకటి దూర్చి ఎత్తబుద్ధవుతుంది. ఎత్తాలంటే ఆనిక కావాలి, చేతికందే ఆనిక అద్దమొక్కటే. అక్కడే కొంపలు మునుగుతాయి.

దానికి తోడు దసరా ఒకటి. ఏటా ఆ రోజున పటేలు భార్య అరుణమ్మ బండికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు అద్దం మీద చల్లేది. పసుపూ కుంకుమా తీపినీళ్లూ కలిసి కారి ఆ రెండు ఇరుసుల దగ్గరే ఆగేవి. దేవుడు తిన్నాడో లేదో గానీ తుప్పు మాత్రం ఏటేటా కడుపారా తిన్నది.

కొమురయ్య అద్దం మీద తడి గోనెపట్టా పరిచాడు. కోడి ఈకతో ఇరుసుకు చుక్క చుక్క కిరోసిన్ అంటించాడు. గంటకోసారి వేడినీళ్ల గుడ్డ చుట్టాడు. ఆర్మ్ మెడకు తాడు ఉచ్చు బిగించి, పైకి సన్నగా లాగి పట్టుకుని, కుడికీ ఎడమకీ వెంట్రుకవాసి కదుపుతూ కూర్చున్నాడు. ఈ పనికి బలం పనికిరాదు, ఓపిక ఒక్కటే పనికొస్తుంది. ఆదివారం మధ్యాహ్నానికి ఎడమ పక్క ఆర్మ్ కిర్రుమంటూ లేచి చేతికొచ్చింది. అద్దం మీద గీత కూడా పడలేదు. అభిలాష్ చప్పట్లు కొట్టాడు.

డ్రైవరు వైపుది మాత్రం మొండికేసింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా అదే కిరోసిన్, అదే వేడినీళ్లు, అదే తాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. విచిత్రమేమిటంటే నట్టు కింద కూడా నీలం రంగు పూసి ఉంది. ఏ పిచ్చివాడూ నట్టు విప్పి దాని కింద రంగు పూసి మళ్లీ బిగించడు.

మళ్లీ శనివారం అభిలాష్ వచ్చి పక్కన కూర్చున్నాడు. కొమురయ్య గోనెలు కుట్టే దబ్బనంతో ఆ రంగును పొరలు పొరలుగా గీకాడు. ఇరుసుకూ ఆర్మ్‌కూ మధ్య సందులో ఇనుప చుక్క ఒకటి తళుక్కుమంది. అరిగిపోయిన పళ్ల మధ్యకు ఎవరో ఒక పుల్లను సుత్తితో దిగ్గొట్టారు.

కొమురయ్యకు కోపం నషాళానికి అంటింది.

“ఏ గాడిద కొడుకు చేసిండ్రా ఇది! పళ్లు అరిగితే పళ్లు మార్చాలె, గిట్ల మేకు దిగ్గొడ్తరా? పక్కకు గ్లాసు పెట్టుకోని సుత్తె లేపిండంటే వాని చెయ్యి ఇరిగిపోను!”

“ఎవరు చేసిండ్రు తాతా?”

కొమురయ్య ఒక్క క్షణమైనా తడుముకోలేదు. పుల్ల తల మీద నీలం రంగుంది. తొంభైలో ఆ కారుకు నీలం రంగు వేసింది స్వామిదాసు.

స్వామిదాసుది పక్క షెడ్డే. కొమురయ్య గంటలో చేసే పని అతను రోజంతా చేసేవాడు. తొందరపడేవాళ్లంతా కొమురయ్య దగ్గరికే వచ్చేవారు. ఇద్దరూ పందొమ్మిదేళ్లు పక్కపక్కన పని చేసి, పలకరించుకున్న దానికన్నా దెప్పుకున్నదే ఎక్కువ. స్వామిదాసు నాలుగేళ్ల కింద పోయాడు. అతని భార్య సుగుణమ్మ ఇప్పుడా షెడ్డులోనే చాయ్, మిర్చి బజ్జీల హోటల్ నడుపుతోంది.

“రంగేసినోడే దిగ్గొట్టిండు,” అన్నాడు కొమురయ్య, రోడ్డు అవతలికి కూడా వినపడేలా. “ఇగ చూడు, ఆర్మ్ తీసి రంగెయ్యాలె గదా, తియ్యకుంట సుట్టూ పూసిండు. స్వామిదాసు పనంటే గిట్లనే ఉంటది.”

అభిలాష్ చిన్న కెమెరా తీసి నాలుగు ఫొటోలు కొట్టాడు. పేరు ఇంకోసారి అడిగి సెల్‌ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు. పది అడుగుల దూరంలో సుగుణమ్మ గ్లాసులు కడుగుతోంది. చేయి ఆగలేదు, తలెత్తలేదు. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఆమె హోటల్‌కు కొమురయ్య షెడ్డు వైపున గోనెపట్టా తెర కట్టి ఉంది. ఎండ అటునుంచి రాదు.

సోమవారం కొమురయ్య ఆ పుల్ల పీకే పని మీద కూర్చున్నాడు. దబ్బనంతో చుట్టూ తుప్పు తోడి, సన్నటి పట్టకారుతో పట్టి, పన్ను పీకినట్టు కొద్ది కొద్దిగా లాగాడు. సాయంత్రానికి ఊడి వచ్చింది. కిరోసిన్‌లో కడిగి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

అది సైకిల్ పుల్ల ముక్క. ఒక కొసకు మర కూడా ఉంది. రెండో కొస సుత్తి దెబ్బకు నలిగి ఒక పక్కకు ఒరిగింది. కుడిచేతివాడు కొడితే అటు ఒరగదు. మొయినాబాద్‌లో ఆనాడూ ఈనాడూ ఎడమచేత్తో సుత్తి పట్టే మెకానిక్ ఒక్కడే.

కొమురయ్య తన ఎడమచేతి వంక చూసుకున్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. నట్టు అసలు పోనేలేదు. ఇరుసు పళ్లు అరిగిపోయి, ఆర్మ్ పట్టు తప్పి ఊడిపడింది. ఎంత బిగించినా ఒట్టిగా తిరుగుతోంది. పటేలు లోపలినుంచి అయిందా అయిందా అని అరుస్తున్నాడు. కొమురయ్య తన సైకిల్ వెనక చక్రం నుంచి ఒక పుల్ల పీకి, ముక్క కత్తిరించి, అద్దానికి కుడి అరచేయి అడ్డం పెట్టి, ఎడమచేత్తో రెండే రెండు దెబ్బలు వేశాడు. వైపర్ ఆడింది. “తర్వాత మంచిగ చేస్త పటేలా” అన్నాడు. తర్వాత పటేలు గెలిచాడు, జాగా వచ్చింది, షెడ్డు వచ్చింది. షెడ్డుతో పాటు కథా వచ్చింది. ఆ కథలో నట్టు ఉంది, బురద ఉంది, వేళ్లు ఉన్నాయి. పుల్ల లేదు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. కొమురయ్య ఎరిగి ఉండీ మరిచిపోయాడు, అంతే తేడా.

పుల్ల తీశాక ఆర్మ్ వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు లేచి వచ్చింది. అద్దం చెక్కు చెదరలేదు. చేస్తానన్న పని చేశాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు కన్నా భయం ఎక్కువేసింది. పుల్లను చొక్కా జేబులో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా అయిదు రోజులు తిరిగాడు. చచ్చినవాడికి పేరుతో ఏం పని అనుకున్నాడు. బతికినవాడికి అన్నం కావాలి గదా అనుకున్నాడు. రెండూ నిజమే. ఏదీ గొంతు దిగలేదు.

శనివారం అభిలాష్ గ్రూపులో వచ్చిన జవాబుల కాగితాల కట్టతో దిగాడు. ఆర్మ్ వచ్చిందని చూసి ఎగిరి గంతేశాడు.

“నీ పేరు మోగిపోతున్నది తాతా! ఇద్దరు రేపే బండ్లు పట్టుకొస్తమన్నరు. ఇంకా విను,” అంటూ కాగితాల్లోని ఇంగ్లీషును తెలుగు చేసి చదివాడు. “బెంగుళూరు నుంచి ఒకాయన రాసిండు, ఈ స్వామిదాసు చేతికి సుత్తె ఇచ్చినోన్ని జైల్ల ఎయ్యాలె అని. ఇంకొకాయన ఇసొంటి ఆగం పనికి ‘స్వామిదాసు రిపేరు’ అని పేరు పెట్టిండు. ఇప్పుడు గ్రూపుల అందరు అదే అంటున్నరు. ఎవని బండిల ఏం కిరికిరి ఉన్నా, స్వామిదాసు రిపేరే!”

వాడు పడీ పడీ నవ్వాడు. గోనెతెర అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“అది చెరిపేస్తె పోతదా?” అని అడిగాడు కొమురయ్య.

“ఏది?”

కొమురయ్య జేబులోంచి పుల్ల తీసి వాడి చేతిలో పెట్టాడు. “ఇది నా సైకిల్ పుల్ల. నేను దిగ్గొట్టిందే. ఈ ఒరుగుడు చూడు, ఎడమ చెయ్యి దెబ్బ. స్వామిదాసుది కుడి చెయ్యి.”

అభిలాష్ పుల్లను తిప్పి తిప్పి చూశాడు. “మరి ఆ దినం నట్టు ఏళ్లతోని బిగించిన అంటివి?”

“అంటి. కొన్నేండ్లకు నాకు గూడ అదే నిజమనిపించింది.”

“తాతా,” అన్నాడు అభిలాష్ గొంతు తగ్గించి, “ఇది రాస్తె రేపొచ్చెటోళ్లు రారు. నేను చెప్పకుంటే ఎవ్వనికి తెల్వది.”

“రారని నాకు ఎర్కనే. నువ్వు రాయి. స్వామిదాసు పేరు తీసెయ్యి. కొమురయ్య రిపేరు అని పెట్టుకోమను.”

అభిలాష్ మంచివాడే. రాశాడు. ఆదివారం రావలసిన ఇద్దరూ రాలేదు. మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఫియట్‌కు రంగు పని కూడా సిటీలో ఎవరితోనో మాట్లాడుకున్నానని వాడే ఫోన్లో మెల్లగా చెప్పాడు. కొమురయ్య మంచిదన్నాడు. వాచ్‌మన్ ఉద్యోగానికి ఒప్పుకుంటున్నట్టు ఎంకపల్లి తోట ఆయనకు కబురు పంపాడు. ఇదంతా తర్వాతి మాట.

ఆ శనివారం అభిలాష్ వెళ్లిపోగానే కొమురయ్య గోనెతెర ఎత్తి అవతలికి వెళ్లాడు. హోటల్‌లో గిరాకీ లేదు. సుగుణమ్మ పీట మీద కూర్చుని మిరపకాయలు నిలువునా చీరుతోంది.

“చెల్లె, ఆ పుల్ల స్వామిదాసు కొట్టింది కాదు. నేనే కొట్టిన. ఆ పిల్లగానికి చెప్పిన, రాస్తనన్నడు.”

“ఇన్న,” అన్నది సుగుణమ్మ. “నువ్వు కొట్టినవని నాకు ఎర్కనే అన్నా.”

“ఎట్ల ఎర్క?”

“రంగేసిన నాడే ఆయన నట్టు ఇప్పి చూసిండు. ఎడమ చెయ్యి దెబ్బ, కొమురయ్యది అన్నడు. ఆర్మ్ తీస్తె పటేలు కంట్ల పడ్తదని తియ్యలేదు. సుట్టూ కాయితం అంటించి రంగేసిండు. నట్టు కింద గూడ పూసిండు, కనబడొద్దని.” ఇంకో మిరపకాయ తీసుకుంది. “పటేలు అడిగిండు, ఆర్మ్ ఎందుకు తియ్యలేదు అని. నాకు చేతకాలే పటేలా అన్నడు. ఈడున్నోళ్లందరు నవ్విండ్రు. నువ్వు గూడ నవ్వినవ్.”

నవ్వాడు. బాగా నవ్వాడు. ఆ తర్వాత చాలా రోజులు చెప్పుకుని మరీ నవ్వాడు.

“నేను ఊకోలేదన్నా,” అన్నది సుగుణమ్మ. “చెప్పు, పటేలుకు చెప్పు, ఆ కొమురయ్య జాగ మనకిస్తడు, ఈ కిరాయి షెడ్డు బాధ పోతది అన్న. ఆయన వినలే. పుల్ల పట్టుకునే ఉన్నది గదా, కొమురయ్య పిల్లలు గల్లోడు, ఉండనియ్ అన్నడు. ఆ దినం సంది పదేండ్లు నేను ఆయనతోని సక్కగ మాట్లాడలేదు. చేతగానోన్ని చేసుకున్న అని మొకం మీదనే అన్న. దవాఖానల ఏసినంక గూడ అన్న. అట్లనే పోయిండు.”

రోడ్డు మీద చేవెళ్ల బస్సు ఒకటి వెళ్లింది. దుమ్ము పడకుండా సుగుణమ్మ మిరపకాయల మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆ కోపం నాకు ఇంక పోలేదు,” అన్నది సుగుణమ్మ. “ఆయన మీద పెట్టుకుందమంటే ఆయన తప్పు లేదాయె. ఎవరి మీద పెట్టుకోవాల్నో తెల్వకున్నది.”

“నా మీద పెట్టుకో చెల్లె,” అన్నాడు కొమురయ్య.

సుగుణమ్మ కత్తి పక్కన పెట్టి, వారం రోజుల తర్వాత మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

“పెట్టుకుంట,” అన్నది.